దావీదప్ప పెట్టిన పాటలు

మదనపల్లెలో మా ఇంట్లో, నేను రాసుకునే బల్ల మీద ఒక రేకు పెట్టె ఉంది. మూత తీస్తే ఇప్పటికీ సన్నగా కిరసనాయిలు వాసన వస్తుంది. లోపల అరచేతిలో సగం ఉండే రేకు ముక్కలు, నల్లరంగు పూసి, తెల్లరంగుతో ఒక్కోదాని మీద ఒక్కో అంకె రాసినవి, పైన మేకుకు తగిలించడానికి చిన్న బెజ్జంతో దొంతరలుగా పేర్చి ఉంటాయి. ఆరుకూ తొమ్మిదికీ మాత్రం ఒకే రేకు, పైనా కిందా రెండు బెజ్జాలు. ఎటు తగిలిస్తే అది. పుంగనూరు చర్చిలో పాటల నంబర్లు చూపించే బోర్డుకు ఇవి సరంజామా. పోయిన ఏడాది చర్చికి రంగులు వేసి, గోడకు పెద్ద తెర బిగించి, పాటల సాహిత్యమంతా దాని మీదే వచ్చేటట్టు చేశారు. బోర్డు పాత ఇనుము వాడికి పోయింది. పెట్టె కూడా పోయేదే, నేను అడిగి తెచ్చుకున్నాను. ఎందుకని అక్కడ ఎవరూ అడగలేదు.

మా చర్చివాళ్ళలో ఒక మాట వాడుకలో ఉంది. కూరలో రెండుసార్లు ఉప్పు పడినా, శుభలేఖలో తేదీ తప్పు పడినా, ఒకరి చెప్పులు ఒకరు వేసుకుపోయినా, "దావీదప్ప పాటలు పెట్టినట్టుండాదే" అని నవ్వుతారు. పోయిన నెల ఒక పెళ్ళిలో ఆ కొత్త తెర మీద పెళ్ళి పాటకు బదులు ఎవరిదో పుట్టినరోజు ఫొటో వచ్చింది. కంప్యూటరు దగ్గర కూర్చున్న కుర్రవాడు తల గీరుకుంటూ ఈ మాటే అన్నాడు, అందరూ నవ్వారు. బయటికి వచ్చాక, దావీదప్ప ఎవరు బాబూ అని అడిగాను. "ఏమో అంకుల్, పాతకాలం ముసలాయనంట. శానా మతిమరుపంట," అన్నాడు.

దావీదప్పకు మతిమరుపు లేదు. ఆ సంగతి రాయడానికే ఇదంతా.

మా నాయన మదనపల్లెలో మిషన్ ఆస్పత్రిలో మందులు కలిపే పని చేసేవాడు. ఆస్పత్రి క్వార్టర్లలో మా ఇల్లు, ఏడాది పొడుగునా డెట్టాలు వాసన. బడి మూసిన మర్నాడే నన్ను పుంగనూరు బస్సెక్కించేవారు, మా అవ్వ దగ్గరికి. బస్సు దిగి సంచీ భుజాన వేసుకుని నడుస్తుంటే, మొదట వేడి దుమ్ము వాసన, తర్వాత ఎవరి మిద్దె మీదో ఆరబోసిన చింతపండు వాసన, ఆ తర్వాత అవ్వ వాకిట్లో రోట్లో నూరుతున్న ఊరిబిండి వాసన, వేరుశెనక్కాయలూ ఎండుమిరపకాయలూ కలిసిన ఆ ఘాటు నాసికాపుటాలకు తగిలేసరికి బడి, లెక్కల మాస్టరు, మందుసీసాలు అన్నీ వెనక్కి పోయేవి. మధ్యాహ్నం వేడి సంగటి ముద్ద నడుమ గుంట చేసి నెయ్యి పోసి, పక్కన ఊరిబిండి పెట్టేది అవ్వ. పొరుగింటి వాళ్ళ తెల్ల ఆవు, మా ఊరి పొట్టి జాతిది, నా నడుము ఎత్తు కూడా ఉండేది కాదు. అది తాడు తెంపుకుని వచ్చి చర్చి గోడకు కొట్టిన సున్నం నాకుతూ నిలబడేది. అవ్వ ఇల్లు చర్చికి వెనక. పగలంతా చర్చి తాళంచెవి అవ్వ ఇంటి గూట్లోనే ఉండేది.

నేను వచ్చిన రెండు మూడు రోజులకు కుప్పం నుంచి సుగుణక్క వచ్చేది. మా పెద్దమ్మ కూతురు, నాకన్నా ఒక్క ఏడాది పెద్ద. పెదనాయన కుప్పం స్టేషనులో రైల్వే ఉద్యోగి. ఆమె లంగాలకు బొగ్గు పొగ వాసన, మాటల్లో అరవం యాస. రైళ్ళ నంబర్లు, వచ్చే వేళలు, ఏ బండికి ఎన్ని పెట్టెలో అప్పజెప్పి నన్ను ఉడికించేది. అవ్వ చింతపండు కొడుతుంటే పక్కన కూర్చుని గింజలు ఏరుకుని వామనగుంటలు ఆడేవాళ్ళం. ఒకసారి కూడా నన్ను గెలవనిచ్చింది కాదు. నేను ఏడుపు మొహం పెడితే, "ఏం రా, మదనపల్లె దొరా, కండ్లల్లో నీళ్ళా టమాట రసమా?" అనేది.

దావీదప్ప చర్చి చూసుకునేవాడు. పొడుగ్గా, వెదురు గడలాగా ఉండేవాడు. ఊడవడం, గంట కొట్టడం, బెంచీలు తుడవడం, వాన వస్తే కిటికీలు వెయ్యడం అన్నీ ఆయనే. కానీ వాటన్నింటినీ ఆయన పనిగా లెక్కపెట్టేవాడు కాదు. ఆయన పని శనివారం సాయంత్రం బోర్డు పెట్టడం. పాస్టరుగారు చీటీ మీద మర్నాటి మూడు పాటల నంబర్లు రాసి ఇచ్చేవారు. దావీదప్ప స్నానం చేసి, ఆదివారం చొక్కా శనివారమే వేసుకుని వచ్చేవాడు. పెట్టె తెరిచి, కావలసిన రేకులు తీసి, ఒక్కోదాన్నీ తుప్పు పట్టకుండా కిరసనాయిలు గుడ్డతో తుడిచి, స్టూలెక్కి తగిలించేవాడు. మూడు వరసలు, వరసకు మూడు మేకులు. దిగి, నడవలో వెనక్కి నడిచి, కట్టకడపటి బెంచీ దగ్గర నిలబడి, గాలిలో వేలు ఆడిస్తూ పైకి చదివేవాడు. ఆరు వచ్చిన చోట మాత్రం మళ్ళీ ముందుకు వెళ్ళి, చీటీ పట్టుకుని, తలకిందులైందేమోనని చూసేవాడు. అట్లా చూసుకున్నాక ఆదివారం ఇక బోర్డు వైపు చూసేవాడు కాదు, ఆరాధన సాగినంతసేపూ బయట గంట దగ్గరే కూర్చునేవాడు.

మా చర్చిలో పాట నంబరు ఎవరూ నోటితో చెప్పరు. బోర్డు చూస్తారు, పుస్తకం తీస్తారు. బోర్డు మీద ఏముంటే అదే పాట.

మిగిలిన రేకులతో మమ్మల్ని వెనక గదిలో ఆడుకోనిచ్చేవాడు దావీదప్ప. తుడిచి మళ్ళీ పెట్టెలో పెట్టాలి, అంతే షరతు. నాకు పదకొండేళ్ళు ఉన్న వేసవిలో సుగుణక్క ఒక ఆట కనిపెట్టింది. ఒకటి నుంచి తొమ్మిది దాకా తొమ్మిది రేకులు, ఒక్కోటి ఒక్కసారే, బండల మీద వరసగా పేర్చాలి. మొదటి రెండు రేకులూ కలిసిన సంఖ్య రెండుతో శేషం లేకుండా పోవాలి. మొదటి మూడూ కలిసింది మూడుతో, మొదటి నాలుగూ నాలుగుతో, అట్లా తొమ్మిది దాకా. మొదట్లో ఇదేం ఆట అనిపించింది. మూడు రోజులకు సంగటి తినమని అవ్వ కేక వేసినా లేవడం లేదు.

ఒకరోజు నేను గెలిచాననే అనుకున్నాను. విసుగొచ్చి తొమ్మిది నుంచి కిందికి వరసగా పేర్చుకుంటూ పోయాను. తొంభై ఎనిమిది రెండుతో పోయింది. తొమ్మిది వందల ఎనభై ఏడు మూడుతో పోయింది. నాలుగు, ఐదు, ఆరు, అన్నింటితోనూ పోయింది. మెట్లు దిగినట్టు దానంతట అదే దిగుతోంది. నేను ఎగిరి గంతేశాను. సుగుణక్క సుద్దముక్క తీసి, ఏడు రేకుల సంఖ్యను ఏడుతో భాగించింది. ఐదు మిగిలింది.

"ఏడోది దేవుని దినం రా. ఊరికే ఇచ్చేస్తాడా?" అంది.

నేను రేకులు విసిరికొట్టాను. ఆమె ఏరుకొచ్చి, గుడ్డతో తుడిచి, మళ్ళీ కూర్చుంది. నేను రేకులు పేర్చి చూసేవాణ్ణి, ఆమె పేర్చకుండా మనసులోనే లెక్క వేసి చూసేది. ఐదో చోట ఐదే కూర్చోవాలని మొదటే చెప్పింది, ఎందుకంటే ఆటలో సున్నా లేదు. సరి అంకెలు నాలుగు, అవి కావలసిన చోట్లు నాలుగు. కాబట్టి మిగిలిన చోట్లన్నీ బేసి అంకెలవే. నాలుగో చోట రెండు గానీ ఆరు గానీ తప్ప నిలవవు. మొదటి ఆరూ ఆరుతో పోవాలి గనక నడిమి మూడు రేకులు రెండు, ఐదు, ఎనిమిది కావాలి, కాకపోతే ఆరు, ఐదు, నాలుగు కావాలి. తొమ్మిది గురించి భయమే లేదు; ఒకటి నుంచి తొమ్మిది దాకా కూడితే నలభై ఐదు, ఎట్లా పేర్చినా తొమ్మిదితో పోతుంది. అట్లా ఒక్కో తలుపూ మూసుకుంటూ వస్తే, లక్షల దారులున్న ఆటలో చివరికి పదే మిగిలాయి. ఆ పదింటినీ ఏడు ముందు నిలబెట్టాలి.

సెలవుల ఆఖరి శనివారం పొద్దున నిలబెట్టాం. బండలన్నీ సుద్దతో తెల్లబడ్డాయి. ఒక్కోటీ పడిపోతూ వచ్చింది, చివరికి ఒకటి నిలిచింది. ముప్పై ఎనిమిది లక్షల పదహారు వేల ఐదువందల నలభై ఏడును ఏడుతో భాగిస్తే ఐదు లక్షల నలభై ఐదు వేల రెండువందల ఇరవై ఒకటి వచ్చి, శేషం సున్నా వచ్చింది. సుగుణక్క భాగహారం రెండోసారి చేసింది. ఆ తర్వాత చివరి రెండు రేకులూ పెట్టింది. 381654729. ఉన్నది ఇదొక్కటే, ఇంకొకటి ఉండే వీల్లేదు. ఆ మాట చెబుతూ ఆమె ఎగిరి గంతేసింది.

గంట తాడు సరిచేయడానికి వచ్చిన దావీదప్పకు చూపించాం. మేము ముప్పై ఎనిమిది కోట్లు అనేసరికి ఆయన వంగి చూశాడు.

"అంత లెక్క దేనికి నాయనా? మనూర్లో అంతమంది జనమే ల్యారు గదా," అన్నాడు.

"ఉండేది ఒగటే తాతా. లోకంలో ఇట్లాంటిది ఇదొగటే," అంది సుగుణక్క.

"అట్లనా తల్లీ? ఐతే బలే లెక్కే," అని, ఆమె నెత్తిన చెయ్యి పెట్టి, గంట వైపు వెళ్ళిపోయాడు.

తొమ్మిది రేకులు, బోర్డుకు తొమ్మిది మేకులు. ఆ సంఖ్య బోర్డుకు కొలతలు తీసి కుట్టించినట్టుందని నాకు తట్టింది. సాయంత్రం దావీదప్ప పాటలు పెట్టి వెళ్ళిపోయాక, గూట్లోంచి తాళంచెవి తీసుకున్నాను. సుగుణక్కను కుప్పం తీసుకుపోవడానికి పెదనాయన వచ్చి వాకిట్లో నిలబడి ఉన్నాడు. నేను చెప్పింది విని, ట్రంకుపెట్టె మోసుకుంటూనే ఆమె అంది: "పెట్టి సూసి, బయటికొచ్చేముందర తీసెయ్‌రా. తాత పెట్టినట్టే మళ్ళా పెట్టేసి రా." ఆమె బస్సుకు వెళ్ళిపోయింది.

నేను స్టూలెక్కి దావీదప్ప పెట్టిన రేకులు తీసి, మావి తగిలించాను. మూడువందల ఎనభై ఒకటి. ఆరువందల యాభై నాలుగు. ఏడువందల ఇరవై తొమ్మిది. ఆయన లాగే కడపటి బెంచీ దగ్గర నిలబడి చదివాను. పడమటి కిటికీలోంచి ఎండ పడి రేకులు మెరుస్తున్నాయి. తీసెయ్యాలనిపించలేదు. రేపు పొద్దున ఊరంతా దాని కింద కూర్చుంటుంది, ఎవరో ఒకరు లేచి ఇదేం సంఖ్య అని అడుగుతారు, అప్పుడు నేను లేచి చెబుతాను అనుకున్నాను. పాటల మాట నాకు గుర్తుకే రాలేదంటే ఎవరూ నమ్మరు. కానీ నిజం. నాకు అవి అంకెలు మాత్రమే. తలుపు తాళం వేసి, చెవి గూట్లో పెట్టాను.

ఆ ఆదివారం మా పాస్టరుగారు పెద్దపంజాణి వైపు ఊళ్ళకు వెళ్ళారు. పలమనేరు నుంచి ఒక ముసలి పాస్టరుగారు ఆరాధన జరపడానికి వచ్చారు. హార్మోనియం మాస్టారు బోర్డు చూసి మూడువందల ఎనభై ఒకటి ఎత్తుకున్నాడు. అది క్రిస్మసు పాట. మే నెల ఎండలో, విసనకర్రలు ఊపుకుంటూ, జనం పసిబాలుడు పుట్టాడని పాడారు. కొత్త అయ్యవారి ఇష్టం కాబోలని మావాళ్ళు అనుకున్నారు. ఈ ఊరి ఆచారం కాబోలని ఆయన అనుకున్నారు. మర్యాద కొద్దీ ఎవరూ ఎవరినీ అడగలేదు.

ముందు బెంచీలో ఒక కొత్త జంట కూర్చుని ఉంది, పెళ్ళైన తర్వాత మొదటి ఆదివారం. పెళ్ళికూతురి తలలోని కనకాంబరాలు చర్చి మొత్తానికి కనిపిస్తున్నాయి. వాళ్ళను ముందుకు పిలిచి దీవించాక రెండో పాట. ఆరువందల యాభై నాలుగు. పుస్తకంలో అది సమాధి పాటల్లో ఉంది. మట్టి వేసేటప్పుడు పాడేది. హార్మోనియం మాస్టారి వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. బోర్డు మళ్ళీ చూశాడు, మొదలుపెట్టాడు. మగవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వెనక బెంచీల్లో ముసలమ్మలకు మాత్రం పుస్తకం అక్కరలేదు. తమ తమ పోయినవాళ్ళకు పాడిన పాట అది. కళ్ళు మూసుకుని, గొంతెత్తి, కన్నీళ్ళు కారుస్తూ పాడారు. మా అవ్వ కూడా పాడింది. రెండో చరణం మధ్యలో పెళ్ళికొడుకు తల్లి లేచి నిలబడింది.

"యాల పాడతాండారప్పా ఈ పాట? నా బిడ్డ పెండ్లాంతో కూర్చోనుండాడు ఈడ!"

పాట ఆగిపోయింది. పెళ్ళికూతురు ఏడవడం మొదలుపెట్టింది.

ఆరాధన అయ్యాక పెద్దలు దావీదప్పను పిలిచారు. ఆయన జేబులోంచి చీటీ తీసి, బోర్డునూ చీటీనీ మార్చి మార్చి చూశాడు. నేను స్తంభం పక్కన నిలబడి ఉన్నాను. ఒక పెద్దమనిషి నన్ను చూసి, "ఈ పిలకాయలేమన్నా ముట్టుకున్న్యారా?" అని అడిగాడు.

"ఆ బిడ్డలు అట్ల సేసేటోళ్ళు కాదప్పా," అన్నాడు దావీదప్ప. "నేనే పెట్టింటాను. సరిగ్గా పెట్టినట్టే గుర్తుండాది. ఐనా ఈడ ఇట్లుండాదంటే, నా బుద్ధే యాడనో ఉండింటాది."

అప్పుడు ఒక్క మాట చాలు. నా నోట్లోంచి ఆ మాట రాలేదు.

బుధవారం నన్ను మదనపల్లె పంపించే ముందు, నేను చర్చి మెట్ల మీద ఆయనను చూశాను. పెట్టె పక్కన పెట్టుకుని, పాత చీటీలు ముందు వేసుకుని, ఒక్కోటి చదువుతూ రేకులు పేర్చుకుంటున్నాడు. పేర్చి, కలిపేసి, మళ్ళీ పేరుస్తున్నాడు. నన్ను చూసి దగ్గరికి రమ్మన్నాడు.

"నువ్వు సదువుకునేటోనివి గదా నాయనా. ఇది సరిగ్గా ఉండాదేమో సూడు."

చూశాను. సరిగ్గానే ఉంది. "సరిగ్గా ఉండాది తాతా," అన్నాను. ఆయన నా మొహంలోకి, నేను తనను ఓదార్చడానికి అబద్ధం చెబుతున్నానేమోనన్నట్టు చూసి, మళ్ళీ చీటీ తీశాడు.

ఎవరూ ఆయన పని తీసెయ్యలేదు. ఆయనే పెట్టె తీసుకుపోయి హార్మోనియం మాస్టారి చేతిలో పెట్టాడని క్రిస్మసుకు వెళ్ళినప్పుడు అవ్వ చెప్పింది. ఆ పండక్కి అనపకాయల కాలం. అవ్వ పితికిపప్పు చేసింది, కజ్జికాయలు చేసింది, నాకు ఏదీ రుచించలేదు. దావీదప్ప గంట కొట్టేవాడు, ఊడ్చేవాడు. తాళం వేసి నాలుగడుగులు వేసి, తిరిగి వచ్చి లాగి చూసేవాడు. దారిన పోయేవాళ్ళను, "తాళమేసినానా అప్పా?" అని అడిగేవాడు. పిల్లలు ఆయన నడక అనుకరించి నవ్వేవాళ్ళు. దావీదప్ప పాటలు పెట్టినట్టు అనే మాట అప్పుడే పుట్టింది. శనివారం నాడు ఆదివారం చొక్కా వేసుకోవడం ఆయన మానేశాడు.

ఆ జంటకేమీ కాలేదు. వాళ్ళ మనవళ్ళు ఇప్పుడు ఆ చర్చిలోనే గిటారు వాయిస్తున్నారు. నేను కాలేజీలో ఉండగా దావీదప్ప పోయాడు. మట్టి వేసేటప్పుడు పాడింది ఆరువందల యాభై నాలుగో పాటే. ఈసారి సరైన చోటే పాడారు. నేను పుస్తకం పట్టుకుని, పెదవులు కదిపాను.

పెట్టె తెచ్చుకున్న రోజు సాయంత్రం కుప్పానికి ఫోను చేశాను. సుగుణక్క ఈమధ్యనే ఉద్యోగం విరమించి ఇంటి దగ్గర ఉంటోంది. ఆ సంఖ్య ఆమె మరిచిపోలేదు. నేను మొదటి మూడంకెలు చెప్పగానే మిగతా ఆరూ చెప్పింది. ఆ శనివారం నేను రేకులు తీసెయ్యలేదని మాత్రం ఆమెకు ఇన్నేళ్ళూ తెలియదు. దావీదప్ప మాటను ఆమె కూడా అందరిలాగే నవ్వుతూ వాడిందట. నేను చెప్పడం ముగించేసరికి అవతల రైలు కూత వినిపించింది.

"ఆయప్పకు చెప్తివా?" అంది.

"లేదక్కా."

"అదొగటే లెక్క అని నేను ఎగిరితిని. ఆయప్ప నా నెత్తిన చెయ్యి పెట్టె." మళ్ళీ తనే, "ఆ మాట అంటాండే వాళ్ళకన్నా చెప్పు. నేనూ అంటిని గదా, మొదట నాకు చెప్పినావు. మిగిలినోళ్ళకూ చెప్పు," అని పెట్టేసింది.

పుంగనూరులో అవ్వ ఇల్లు ఉన్న చోట సెల్‌ఫోన్ల అంగడి వచ్చింది. సున్నం కొట్టిన గోడ లేదు, దాన్ని నాకే పొట్టి ఆవూ లేదు. రేషను అంగట్లో కిరసనాయిలు ఇవ్వడం మానేసి ఎన్నాళ్ళైందో. తెర మీద పాట దానంతట అదే వస్తుంది. శనివారం సాయంత్రం ఎవరూ కడపటి బెంచీ దాకా నడిచి వెనక్కి తిరిగి చదవరు. 381654729 మాత్రం ఉంది. దానికి తుప్పు లేదు. ఎవరు ఎప్పుడు భాగించినా ఏడు దగ్గర శేషం సున్నాయే వస్తుంది.

ఈ పూట పెట్టె తెరిచి, బల్ల మీద వేరే రేకులు పేర్చాను. ఆ శనివారం నేను నా చేతులతో మేకుల మీద నుంచి తీసినవి కాబట్టి అవి నాకు బాగా గుర్తు. 112. 340. 58. వీటిలో ఏ విశేషమూ లేదు. పాస్టరుగారు చీటీ మీద రాసిచ్చిన పాటలివి. దావీదప్ప పెట్టిన పాటలూ ఇవే.